మొబైల్ యాప్ సైజు కొలవడం, తగ్గించడం: విశాఖ డెవలపర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రుషికొండ, మధురవాడ ఆఫీసుల్లో వైఫై మీద 90 ఎంబీ యాప్ ఎప్పుడు దిగిందో కూడా తెలియదు. అదే యాప్‌ను అరకు వెళ్తూ అనంతగిరి ఘాట్‌లో, సిగ్నల్ వస్తూ పోతూ ఉన్నప్పుడు దించుకోవాలంటే తెలుస్తుంది. ఫోన్ మెమరీ సగానికి పైగా వాట్సాప్ వీడియోలతో నిండినవాళ్లయితే సైజు చూసి వెనక్కి వెళ్లిపోతారు. ఆండ్రాయిడ్, ఐఫోన్, ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ టీముల నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. తెలుగు ఫాంట్లు, తెలుగు భాష ఫైళ్ల సంగతి మిగతా చోట్ల పెద్దగా దొరకదు కాబట్టి దాన్ని కాస్త వివరంగా రాశాం.

అసలు "యాప్ సైజు" అంటే ఏ అంకె చూడాలి?

మీటింగులో ఒకరు 62 అంటారు, ఇంకొకరు 31 అంటారు, ఇద్దరూ చెప్పింది నిజమే అవుతుంది. ఎందుకంటే అంకెలు నాలుగున్నాయి. మీరు స్టోర్‌కి ఎక్కించే ఫైలు సైజు ఒకటి. వినియోగదారు ఫోన్‌కి కుదించి దిగే డౌన్‌లోడ్ సైజు రెండోది. ఫోన్‌లో విప్పాక ఆక్రమించే ఇన్‌స్టాల్ సైజు మూడోది. పాత వెర్షన్ ఉన్నవాళ్లకు దిగే అప్‌డేట్ సైజు నాలుగోది.

కొత్తవాళ్లు ఇన్‌స్టాల్ చేయాలా వద్దా అని తేల్చుకునేది డౌన్‌లోడ్ సైజు చూసి. ఫోన్ నిండిపోయినప్పుడు ఏ యాప్ తీసేయాలో తేల్చేది ఇన్‌స్టాల్ సైజు. టీములో ఈ రెండింటినీ రాసిపెట్టుకోండి. ప్లేకి ఎక్కించే ఏఏబీ (ఆండ్రాయిడ్ యాప్ బండిల్) ఫైలు సైజును మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు. అందులో అన్ని రకాల ఫోన్లకు కావలసినవీ, క్రాష్ రిపోర్టుల కోసం పెట్టిన సింబల్ ఫైళ్లూ కలిసి ఉంటాయి. ఏ ఒక్క ఫోన్‌కీ అదంతా వెళ్లదు.

క్లయింటుకు వాట్సాప్‌లో పంపిన ఏపీకే 90 ఎంబీ ఉంది. ప్లే స్టోర్‌లో 35 చూపిస్తోంది. ఏది నిజం?

రెండూ నిజమే. మీరు పంపింది యూనివర్సల్ ఏపీకే, అంటే అన్ని రకాల ఫోన్లకూ సరిపడే ఒకే ఇన్‌స్టాల్ ఫైలు. అందులో నాలుగు రకాల ప్రాసెసర్ల లైబ్రరీలు, అన్ని స్క్రీన్ సాంద్రతల బొమ్మలు, అన్ని భాషలు ఉంటాయి. ప్లే స్టోర్ మాత్రం ఏఏబీ నుంచి ఆ ఫోన్‌కి సరిపడే ముక్కలే ఏరి పంపుతుంది. 2021 ఆగస్టు నుంచి ప్లేలో కొత్త యాప్‌లు ఏఏబీగానే ఎక్కించాలి కాబట్టి ఈ తేడా అందరికీ ఎదురవుతుంది.

క్లయింటుకు ఏపీకే చూపించక తప్పకపోతే వాళ్ల ఫోన్ రకానికే, అంటే ఎక్కువగా ఆర్మ్64కే బిల్డ్ చేసి పంపండి. లేదా ప్లే కన్సోల్‌లోని ఇంటర్నల్ యాప్ షేరింగ్ లింక్ ఇవ్వండి. "యాప్ ఇంత బరువేంటి" అన్న ఫోన్ కాల్ తప్పుతుంది.

ఆండ్రాయిడ్‌లో డౌన్‌లోడ్ సైజు స్టోర్‌కి ఎక్కించకముందే ఎలా కొలవాలి?

గూగుల్ ఇచ్చే బండిల్‌టూల్‌తో. ప్లే లోపల ముక్కలు చేసే పనికి వాడేదీ ఇదే.

1. రిలీజ్ బిల్డ్‌తో ఏఏబీ తయారు చేయండి. డీబగ్ బిల్డ్‌ను కొలిస్తే ఆ అంకెకు అర్థం లేదు. అందులో కోడ్ కుదింపు జరగదు, ఫ్లట్టర్‌లో అయితే డార్ట్ వీఎం మొత్తం కూర్చుని ఉంటుంది.
2. బండిల్‌టూల్‌లో బిల్డ్-ఏపీకేస్ ఆదేశంతో ఆ ఏఏబీ నుంచి ఏపీకేల సెట్ తయారు చేయండి. ఇక్కడ మోడ్‌ను యూనివర్సల్ అని పెట్టవద్దు. పెడితే పైన చెప్పిన 90 ఎంబీ కథే మళ్లీ మొదలవుతుంది.
3. గెట్-సైజ్ టోటల్ ఆదేశం ఆ సెట్ మీద నడపండి. కనిష్ఠం, గరిష్ఠం అని రెండు అంకెలు బైట్లలో వస్తాయి.
4. డైమెన్షన్స్ ఆప్షన్‌కి ఏబీఐ (ప్రాసెసర్ రకం), స్క్రీన్ డెన్సిటీ, లాంగ్వేజ్, ఎస్‌డీకే (ఆండ్రాయిడ్ వెర్షన్ సంఖ్య) ఇస్తే ఏ ఫోన్‌కి ఎంతో పట్టికగా వస్తుంది.
5. ఒక నిర్దిష్టమైన ఫోన్‌కే కావాలంటే దాన్ని కేబుల్‌తో కలిపి గెట్-డివైస్-స్పెక్ నడపండి. వచ్చిన జేసన్ ఫైలును 3వ మెట్టులో ఇవ్వండి.

ఆ జేసన్ ఫైళ్లు రెండు రిపాజిటరీలోనే దాచుకోవడం మంచిది. ఒకటి చవక రకం 32 బిట్ ఫోన్‌ది, ఇంకోటి మామూలు ఆర్మ్64 ఫోన్‌ది. ప్రతిసారీ అవే వాడితే పాత అంకెలతో పోల్చడానికి వీలవుతుంది.

ఏపీకే ఎనలైజర్‌లో ఏం చూడాలి?

ఆండ్రాయిడ్ స్టూడియోలో బిల్డ్ మెనూ కింద ఎనలైజ్ ఏపీకే ఉంటుంది. ప్రతి ఫైలు పక్కన అసలు సైజు, డౌన్‌లోడ్ సైజు అని రెండు నిలువు వరసలుంటాయి. డౌన్‌లోడ్ వరసను పెద్దది ముందు వచ్చేలా అమర్చండి. లిబ్ (నేటివ్ లైబ్రరీలు, అంటే ప్రాసెసర్ కోసం నేరుగా కంపైల్ చేసిన కోడ్), డెక్స్ (మిగతా యాప్ కోడ్), రెస్ (బొమ్మలు, లేఅవుట్లు), అసెట్స్ (ఉన్నవి ఉన్నట్టే పెట్టే ఫైళ్లు), స్ట్రింగ్స్ పట్టిక ఉండే రిసోర్సెస్ డాట్ ఏఆర్‌ఎస్‌సీ: వీటిలో ఏది ముందుంటే పని అక్కడ మొదలుపెట్టాలి. పాత ఏపీకేతో పోల్చే బటన్ కూడా అక్కడే ఉంది. దాన్ని వాడేవాళ్లు తక్కువ గానీ, "పోయిన రిలీజ్‌కి, ఇప్పటికి 6 ఎంబీ ఎందుకు పెరిగింది" అన్న ప్రశ్నకు జవాబు రెండు నిమిషాల్లో దొరికేది అందులోనే. కమాండ్ లైన్‌లో ఇదే పనిని ఏపీకేఎనలైజర్ చేస్తుంది.

ఒక్కో టూల్ ఒక్కో అంకె చెబుతోంది. ఎందుకు?

ముందు యూనిట్ చూడండి. కొన్ని టూల్స్ 10,00,000 బైట్లను ఎంబీ అంటాయి, కొన్ని 10,48,576 బైట్లను అంటాయి. రెండో లెక్కలో 50 ఉన్నది మొదటి లెక్కలో 52.4 అవుతుంది. కోడ్‌లో ఏమీ మార్చకుండానే 2.4 ఎంబీ "పెరిగింది" అని వెతుక్కుంటూ కూర్చుంటారు. రిపోర్టులన్నీ బైట్లలో దాచి, చూపించేటప్పుడు మాత్రమే ఎంబీలోకి మార్చండి. రెండో కారణం కుదింపు పద్ధతి. బండిల్‌టూల్, ఎనలైజర్ చెప్పేవి అంచనాలు. చివరి మాట ప్లే కన్సోల్‌లోని యాప్ సైజు పేజీది.

మినిమమ్ ఎస్‌డీకే పెంచాక ఏపీకే ఫైలు తగ్గాల్సింది పోయి పెరిగింది. తప్పెక్కడ?

తప్పేమీ లేదు. మినిమమ్ ఎస్‌డీకే 28 లేదా ఆపైన ఉంటే గ్రేడిల్ (ఆండ్రాయిడ్ బిల్డ్ టూల్) ప్లగిన్ డెక్స్ ఫైళ్లను ఏపీకేలో కుదించకుండా పెడుతుంది. 23 నుంచి నేటివ్ లైబ్రరీలకూ ఇదే వరస. ఫైలు పెద్దగా కనిపిస్తుంది. కానీ ఫోన్ ఆ లైబ్రరీలను ఏపీకే లోపలి నుంచే నేరుగా వాడుకుంటుంది, బయటకు విప్పి రెండో కాపీ పెట్టుకోదు. అంటే ఇన్‌స్టాల్ సైజు తగ్గుతుంది. ప్లే పంపేటప్పుడు ఎలాగూ కుదించే పంపుతుంది. ఏపీకే ఫైలు సైజు ఒక్కటే చూసి, పాత ప్యాకేజింగ్ పద్ధతికి తిప్పి, "తగ్గించేశాం" అనుకునే టీములు నిజానికి ఫోన్‌లో చోటు ఎక్కువ తింటున్నాయి.

ఎక్కడి నుంచి తగ్గించడం మొదలుపెట్టాలి?

కొలిచి చూశాకే. అయినా చాలా యాప్‌లలో వరుస ఇలా ఉంటుంది: వాడని కోడ్‌ను తీసేసి కుదించే ఆర్8 టూల్ ఆన్‌లో ఉందా, అసెట్స్ ఫోల్డర్‌లో ఎవరూ వాడనివి ఉన్నాయా, నేటివ్ లైబ్రరీలు ఎక్కడి నుంచి వచ్చాయి, బొమ్మలు ఏ ఫార్మాట్‌లో ఉన్నాయి, ఫాంట్లు ఎన్ని. కోడ్‌ను చేత్తో చిన్నది చేయడం అన్నిటికన్నా చివర. రెండు వందల లైన్లు తీసేస్తే తగ్గేది కొద్ది కేబీలు. డిజైన్ టీమ్ పంపిన ఒక్క స్ప్లాష్ వీడియోను తీస్తే తగ్గేది ఎంబీల్లో ఉంటుంది.

ఆర్8 ఆన్ చేస్తే యాప్ క్రాష్ అవుతోంది. ఆఫ్ చేసేయవచ్చా?

చేయవద్దు. ఖర్చు లేకుండా వచ్చే లాభాల్లో పెద్దది ఇదే. రిలీజ్ బిల్డ్ టైపులో మినిఫై (కోడ్ కుదింపు), ష్రింక్ రిసోర్సెస్ (వాడని బొమ్మల్లాంటివి తీసేయడం) రెండూ ఆన్ చేయాలి. డిఫాల్ట్ రూల్ ఫైలు "ఆప్టిమైజ్" అన్న పేరుతో ఉన్నది తీసుకోవాలి. ఆ మాట లేని పాత ఫైలు ఆప్టిమైజేషన్లను ఆపేస్తుంది.

క్రాష్‌కు కారణం దాదాపు ఎప్పుడూ రిఫ్లెక్షనే. కోడ్‌లో పేరుతో వెతికే క్లాసు గానీ ఫీల్డు గానీ ఎవరూ వాడడం లేదనుకుని ఆర్8 దాన్ని తీసేస్తుంది, లేదా పేరు మార్చేస్తుంది. అన్నిటికన్నా చిక్కు పెట్టేది అసలు క్రాష్ కాని రకం. జేసన్ డేటాను జీసన్ లైబ్రరీతో చదివే మోడల్ క్లాసులో ఫీల్డు పేరు మారిపోతే విలువ నల్‌గా వస్తుంది, స్క్రీన్ ఖాళీగా కనిపిస్తుంది, లాగ్‌లో ఏమీ ఉండదు. గ్రేడిల్ ప్లగిన్ 8.0 నుంచి ఆర్8 ఫుల్ మోడ్ డిఫాల్ట్ అయింది కాబట్టి పాత ప్రాజెక్టును అప్‌గ్రేడ్ చేసినప్పుడు ఇలాంటివి ఒక్కసారిగా బయటపడతాయి.

మోడల్ ఫీల్డులకు సీరియలైజ్డ్ నేమ్ అనోటేషన్లు పెట్టండి. లేదా కోట్లిన్ సీరియలైజేషన్ లాంటి, కంపైల్ సమయంలోనే కోడ్ రాసే లైబ్రరీకి మారండి. తప్పనిసరైతే ఆ మోడల్స్ ప్యాకేజీ ఒక్కదానికే కీప్ రూల్ (దీన్ని తాకవద్దని ఆర్8కి చెప్పే లైను) రాయండి. కంపెనీ ప్యాకేజీ మొత్తానికి నక్షత్రాలు పెట్టి కీప్ రాస్తే క్రాష్ పోతుంది, దాంతో పాటే లాభమూ పోతుంది.

ఆర్8 ఆన్‌లో ఉన్నా సైజు తగ్గకపోతే బిల్డ్ అవుట్‌పుట్స్‌లో మ్యాపింగ్ ఫోల్డర్ తెరవండి. అక్కడి కాన్ఫిగరేషన్ ఫైలులో మీ రూల్సే కాదు, ప్రతి లైబ్రరీ తనతో తెచ్చుకున్న రూల్స్ కూడా కలిసి కనిపిస్తాయి. ఎక్కడో ఒక పాత లైబ్రరీ "ఆప్టిమైజ్ చేయవద్దు" అని రాసి ఉంటే అది యాప్ మొత్తానికి వర్తిస్తుంది. యూసేజ్ ఫైలులో తీసేసినవి, సీడ్స్ ఫైలులో పట్టి ఉంచినవి ఉంటాయి. ఒక క్లాసు ఎందుకు మిగిలిందో తేలకపోతే "వై ఆర్ యూ కీపింగ్" రూల్ రాసి బిల్డ్ చేయండి. ఆ క్లాసును ఎవరు పట్టుకున్నారో గొలుసు మొత్తం చూపిస్తుంది.

టెస్టింగ్ మాత్రం రిలీజ్ బిల్డ్ మీదే జరగాలి. లాగిన్, చెల్లింపు, పుష్ నోటిఫికేషన్, డీప్ లింక్: ఈ నాలుగూ తప్పకుండా.

ష్రింక్ రిసోర్సెస్ ఆన్ చేసినా వాడని బొమ్మలు పోవడం లేదు.

మూడు విషయాలు చూడండి. మినిఫై ఆఫ్‌లో ఉంటే ఇది పని చేయదు. అసెట్స్ ఫోల్డర్ జోలికి ఇది అసలు వెళ్లదు, రెస్ కింద ఉన్నవే చూస్తుంది. కోడ్‌లో ఎక్కడైనా బొమ్మ పేరును స్ట్రింగ్‌గా కూర్చి వెతికే గెట్ ఐడెంటిఫైయర్ పిలుపు ఉంటే, భయంతో ఆ తీరు పేరున్నవన్నీ ఉంచేస్తుంది. కీప్ ఫైలులో స్ట్రిక్ట్ మోడ్ పెట్టి, నిజంగా అలా వాడేవాటిని మాత్రం పేర్లతో రాస్తే సరిపోతుంది.

బొమ్మలకు ఏ ఫార్మాట్?

ఫొటోలకు వెబ్‌పీ. గూగుల్ లెక్క ప్రకారం నాణ్యత తగ్గించని వెబ్‌పీ పీఎన్‌జీ కన్నా 26 శాతం చిన్నది, నాణ్యత కాస్త తగ్గించేది అదే స్థాయి జేపెగ్ కన్నా 25 నుంచి 34 శాతం చిన్నది. ఆండ్రాయిడ్ స్టూడియోలో బొమ్మ మీద కుడి క్లిక్ చేసి మార్చుకోవచ్చు. ఐకాన్లకు వెక్టర్. అయితే డిజైనర్ పంపిన ఎస్‌వీజీలో వేల పాయింట్లున్న చిత్రాన్ని వెక్టర్ చేస్తే ఫైలూ పెద్దదే, గీయడమూ నెమ్మదే. దాన్ని వెబ్‌పీ చేయండి.

బొర్రా గుహలు, కైలాసగిరి ఫొటోలున్న పర్యాటక యాప్ అనుకోండి. కెమెరా నుంచి వచ్చిన 4000 పిక్సెళ్ల ఫొటోలను అలాగే లోపల పెట్టడం వృథా. ఫోన్ తెర 1080 లేదా 1440 పిక్సెళ్ల వెడల్పే కదా. మొదటి స్క్రీన్‌లో కనిపించేవి లోపల ఉంచి, మిగతావి సర్వర్ నుంచి తెప్పించండి. మీరు ముందే బాగా కుదించి పెట్టిన పీఎన్‌జీలను బిల్డ్ టూల్ మళ్లీ "క్రంచ్" చేసి పెంచేయడం కూడా జరుగుతుంది. రిలీజ్‌లో ఆ క్రంచింగ్ ఆఫ్ చేసి పోల్చి చూడండి.

లాటీ యానిమేషన్ ఫైళ్లను ఒకసారి టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. లోపల బేస్64లో పీఎన్‌జీలు దాగి ఉంటే అది పేరుకే యానిమేషన్ ఫైలు.

తెలుగు ఫాంట్ యాప్‌లో పెట్టాలా? సైజు ఎలా తగ్గించాలి?

ముందు అవసరం తేల్చుకోండి. ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు ఎలాగూ ఉన్నాయి. పేరాల వచనానికి సిస్టమ్ ఫాంట్ చాలు. శీర్షికలకు అందం కావాలంటే ఒక్క ఫాంట్, ఒక్క బరువు. రెగ్యులర్, మీడియం, సెమీబోల్డ్, బోల్డ్ అని నాలుగు ఫైళ్లు పెట్టి మూడింటిని ఎక్కడా వాడని యాప్‌లే ఎక్కువ. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ లాంటివైతే డౌన్‌లోడబుల్ ఫాంట్స్ పద్ధతిలో తెప్పించవచ్చు, ప్యాకేజీలో ఒక్క బైటూ చేరదు. ప్లే సర్వీసెస్ ఉన్న ఫోన్లలోనే ఇది పని చేస్తుంది కాబట్టి ఫాంట్ రాకపోతే సిస్టమ్ ఫాంట్‌తో తెర ఎలా ఉంటుందో చూసుకోవాలి.

లోపలే పెట్టాల్సి వస్తే ఫాంట్‌టూల్స్‌లోని పీవైఎఫ్‌టీసబ్‌సెట్‌తో కత్తిరించండి. ఉంచాల్సిన యూనికోడ్ సంఖ్యలు: 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు తెలుగు బ్లాక్ మొత్తం, 0020 నుంచి 007ఈ వరకు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, 200సీ, 200డీ అనే కనిపించని జాయినర్లు, 25సీసీ చుక్కల వలయం, 20బీ9 రూపాయి గుర్తు. లేఅవుట్ ఫీచర్లు అన్నీ ఉంచమని నక్షత్రం ఇవ్వండి.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. తెలుగులో ఒత్తులకు, గుణింతం గుర్తులతో కలిసిన రూపాలకు యూనికోడ్‌లో విడి సంఖ్యలు లేవు. అవన్నీ ఫాంట్ లోపల జీసబ్ అనే పట్టిక చెప్పినట్టు ఏర్పడతాయి, జీపాస్ పట్టిక వాటిని సరైన చోట కూర్చోబెడుతుంది. సైజు తగ్గిస్తామనే కొన్ని కన్వర్టర్లు ఈ పట్టికలను తీసేస్తాయి. ఫైలు ముచ్చటగా చిన్నదవుతుంది. తెర మీద మాత్రం "లక్ష్మి" అన్న పేరు "లక్‌ష్‌మి" అయిపోతుంది. అన్ని అక్షరాలూ కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి తెలుగు చదవని టెస్టరు పాస్ చేసేస్తాడు.

అందుకని ఒక పరీక్ష స్క్రీన్ పెట్టుకుని, కత్తిరించిన ప్రతిసారీ కళ్లతో చూడండి: స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, రాష్ట్రం, శ్రీకాకుళం, మర్రిపాలెం, విశాఖపట్నం, సాఫ్ట్‌వేర్. చివరి మాట 200సీ కోసం. అందులో ట, వ కలిసి ఒత్తు పడకుండా ఆపేది అదే. శీర్షికల్లో వచ్చే అక్షరాలు మాత్రమే ఉంచుతామంటే ఫైలు ఇంకా బాగా తగ్గుతుంది. కానీ రేపు సర్వర్ నుంచి కొత్త శీర్షిక వస్తే సగం అక్షరాలు ఒక ఫాంట్‌లో, సగం ఇంకో ఫాంట్‌లో వస్తాయి. మారని వచనానికి తప్ప ఆ దారి వద్దు.

యాప్‌లో తెలుగు ఎంచుకున్నా ఇంగ్లిషే కనిపిస్తోంది. మా దగ్గర బాగానే ఉంది, ప్లే నుంచి దించుకున్నవాళ్లకే ఈ సమస్య.

భాషల విభజన వల్ల. ప్లే ఫోన్ సెట్టింగ్స్‌లో ఏ భాషలున్నాయో చూసి ఆ స్ట్రింగ్స్ మాత్రమే పంపుతుంది. ఇక్కడ చాలామంది ఫోన్‌ను ఇంగ్లిష్‌లోనే ఉంచి, యాప్ లోపల తెలుగు ఎంచుకుంటారు. వాళ్ల ఫోన్‌కి తెలుగు స్ట్రింగ్స్ రానే రాలేదు. యూనివర్సల్ ఏపీకేతో పరీక్షించే మీకు అది కనిపించదు.

రెండు దారులున్నాయి. భాష మార్చినప్పుడు ప్లే ఫీచర్ డెలివరీ లైబ్రరీతో ఆ భాషను అడిగి తెప్పించుకోవడం ఒకటి. బండిల్ సెట్టింగ్స్‌లో భాషల విభజనను ఆపేయడం రెండోది. మా సలహా రెండోదే. నెట్ లేని చోట భాష మార్చినా పని చేస్తుంది, కోడ్ రాసే పనే లేదు. దానితో పాటు లొకేల్ ఫిల్టర్లలో తెలుగు, ఇంగ్లిష్, కావాలంటే హిందీ మాత్రమే ఉంచండి. లేకపోతే మెటీరియల్ లాంటి లైబ్రరీలు పదుల భాషల్లో తెచ్చుకున్న అనువాదాలన్నీ అందరి ఫోన్లకూ వెళ్తాయి. విభజన ఆపి ఫిల్టర్ పెట్టడం మర్చిపోతే సైజు పెరుగుతుంది.

ఇంకో చిన్న సంగతి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు యూనికోడ్ గుర్తుకు 3 బైట్లు పడతాయి, ఇంగ్లిష్ అక్షరానికి ఒకటే. టార్గెట్ ఎస్‌డీకే 30 నుంచి రిసోర్సెస్ డాట్ ఏఆర్‌ఎస్‌సీ ఏపీకేలో కుదించకుండా ఉండాలన్నది నియమం. కాబట్టి పెద్ద పెద్ద తెలుగు వ్యాసాలను స్ట్రింగ్స్ ఫైలులో పెట్టకండి. అసెట్స్‌లో జిప్‌గా ఉంచినా, సర్వర్ నుంచి తెప్పించినా మేలు. బటన్ల మీది మాటల గురించి మాత్రం బెంగ అక్కర్లేదు.

32 బిట్ లైబ్రరీలు తీసేస్తే సగం తగ్గుతుందా?

ఏఏబీ ఫైలు తగ్గుతుంది. ప్లే నుంచి దించుకునే ఏ ఒక్కరికీ ఒక్క బైటు కూడా తగ్గదు, ఎందుకంటే ఎవరి ఫోన్‌కి సరిపడేది వాళ్లకే వెళ్తోంది. పైగా 64 బిట్ ప్రాసెసర్ ఉన్నా 32 బిట్ ఆండ్రాయిడ్‌తో వచ్చిన చవక ఫోన్లున్నాయి. అవి వాడేవాళ్లకు మీ యాప్ ప్లే స్టోర్‌లో కనిపించడమే మానేస్తుంది. ప్లే కన్సోల్‌లో మీ వినియోగదారుల ఫోన్ల వివరాలు చూడకుండా ఆ పని చేయకండి.

నేటివ్ లైబ్రరీల్లో నిజంగా చూడాల్సింది వేరే ఉంది. బిల్డ్ లాగ్‌లో "ఈ లైబ్రరీలను స్ట్రిప్ చేయలేకపోయాం, ఉన్నవి ఉన్నట్టే పెడుతున్నాం" అన్న హెచ్చరిక వస్తోందేమో వెతకండి. బిల్డ్ సర్వర్‌లో ఎన్‌డీకే (నేటివ్ కోడ్ టూల్స్) లేకపోతే డీబగ్ సింబల్స్‌తో సహా డాట్ ఎస్‌వో ఫైళ్లు లోపలికి వెళ్లిపోతాయి. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో చిన్నగా, సర్వర్ బిల్డ్‌లో పెద్దగా వస్తే మొదటి అనుమానం దీని మీదే.

ఒక లైబ్రరీ కలిపితే ఎంత పెరుగుతుందో ముందే తెలుస్తుందా?

ఖాళీ బ్రాంచిలో కలిపి, రిలీజ్ బిల్డ్ చేసి, ముందూ వెనకా కొలవండి. లైబ్రరీ ఫైలు సైజు చూసి అంచనా వేయవద్దు. అది తనతో ఇంకెన్నిటిని తెస్తుందో తెలియదు, ఆర్8 ఎంత తీసేస్తుందో తెలియదు. గ్రేడిల్ డిపెండెన్సీస్ టాస్క్‌లో చెట్టు మొత్తం చూస్తే రెండు వేర్వేరు బొమ్మల లైబ్రరీలు, రెండు జేసన్ లైబ్రరీలు పక్కపక్కనే బయటపడుతుంటాయి.

క్యూఆర్ స్కానర్ దీనికి మంచి ఉదాహరణ. ఎంఎల్ కిట్ బార్‌కోడ్ స్కానర్‌ను మోడల్‌తో సహా లోపల పెడితే సుమారు 2.4 ఎంబీ, ప్లే సర్వీసెస్ ద్వారా మోడల్ తెప్పిస్తే సుమారు 200 కేబీ అని గూగుల్ పత్రాలు చెబుతాయి. రెండోదానికి మారితే ఓ చిక్కుంది: మోడల్ దిగేలోపు మొదటి స్కాన్ పని చేయదు. ఇన్‌స్టాల్ సమయంలోనే మోడల్ దించమని మానిఫెస్ట్‌లో ఒక మెటాడేటా లైను రాసుకోండి. నెట్ లేని గోదాముల్లో వాడే యాప్ అయితే ఆ 2.4 ఎంబీ భరించడమే నయం.

ఫ్లట్టర్ యాప్‌కి?

బిల్డ్ ఆదేశానికి ఎనలైజ్-సైజ్ జోడించి, టార్గెట్ ప్లాట్‌ఫామ్‌గా ఆండ్రాయిడ్-ఆర్మ్64 ఒక్కటే ఇవ్వండి. వచ్చిన జేసన్‌ను డెవ్‌టూల్స్‌లోని యాప్ సైజ్ టూల్‌లో తెరిస్తే ఏ డార్ట్ ప్యాకేజీ ఎంతో పెట్టెలుగా కనిపిస్తుంది. డిఫ్ ట్యాబ్‌లో రెండు జేసన్‌లు పోల్చవచ్చు. స్ప్లిట్-డీబగ్-ఇన్ఫో ఆప్షన్‌తో సింబల్స్ బయటి ఫోల్డర్‌లోకి వెళ్తాయి. ఆ ఫోల్డర్‌ను ప్రతి రిలీజ్‌కీ దాచకపోతే క్రాష్ రిపోర్టులు చదవలేరు.

ఫ్లట్టర్‌లో రెండు గుంటలు. బొమ్మలన్నీ అసెట్స్ కిందికి వెళ్తాయి కాబట్టి ప్లే చేసే స్క్రీన్ సాంద్రత విభజన వాటికి వర్తించదు: 1, 2, 3 రెట్ల కాపీలు పెడితే మూడూ అందరికీ దిగుతాయి. ఐకాన్ డేటాను సర్వర్ నుంచి వచ్చిన సంఖ్యతో తయారు చేస్తే ఐకాన్ ఫాంట్ కత్తిరింపు కుదరక బిల్డ్ ఆగిపోతుంది. అప్పుడు ఆ కత్తిరింపునే ఆపేయకుండా, వాడే ఐకాన్లకు స్థిరమైన మ్యాప్ రాసుకోండి.

రియాక్ట్ నేటివ్‌కి?

వెర్షన్ 0.70 నుంచి హెర్మిస్ (జావాస్క్రిప్ట్ ఇంజిన్) డిఫాల్ట్. పాత ప్రాజెక్టును లాక్కొస్తున్నవాళ్లు అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఆండ్రాయిడ్ వైపు ఆర్8ను నడిపే ప్రోగార్డ్ స్విచ్ టెంప్లేట్‌లో ఆఫ్‌లో ఉంటుంది, చేత్తో ఆన్ చేయాలి. జావాస్క్రిప్ట్ భాగానికి సోర్స్ మ్యాప్‌తో సోర్స్-మ్యాప్-ఎక్స్‌ప్లోరర్ నడపండి. మొమెంట్ లైబ్రరీ భాషల ఫైళ్లు, లోడాష్ మొత్తం దిగుమతి తరచుగా పట్టుబడేవి.

ఐఫోన్ యాప్ ఎలా కొలవాలి?

ఎక్స్‌కోడ్‌లో ఆర్కైవ్ చేసి, ఆర్గనైజర్ నుంచి అడ్‌హాక్ (కొత్త వెర్షన్లలో రిలీజ్ టెస్టింగ్) ఎగుమతి ఎంచుకోండి. యాప్ థిన్నింగ్ (ఒక్కో ఫోన్‌కి కావలసినదే పంపే పద్ధతి) దగ్గర "అన్ని ఫోన్ రకాలకు" అన్నది పెట్టాలి. ఎగుమతి ఫోల్డర్‌లో యాప్ థిన్నింగ్ సైజ్ రిపోర్ట్ అనే టెక్స్ట్ ఫైలు వస్తుంది. ఒక్కో ఐఫోన్ రకానికి కుదించిన సైజు, విప్పిన సైజు అందులో ఉంటాయి. స్టోర్‌లో కోడ్ ఫైలును ఎన్‌క్రిప్ట్ చేయడం వల్ల అది అంతగా కుదించుకోదు. కాబట్టి అసలు అంకె దీనికన్నా కాస్త ఎక్కువే ఉండవచ్చు. టెస్ట్‌ఫ్లైట్‌కి ఎక్కించాక యాప్ స్టోర్ కనెక్ట్‌లో బిల్డ్ మెటాడేటా కింద ఫైలు సైజుల పట్టిక చూడండి. 200 ఎంబీ దాటితే మొబైల్ డేటా మీద దించేటప్పుడు ఫోన్ అనుమతి అడుగుతుంది.

తగ్గించడానికి: బొమ్మలను విడి ఫైళ్లుగా కాకుండా అసెట్ కేటలాగ్‌లో పెట్టండి, అప్పుడే ఆ ఫోన్‌కి కావలసిన 2 రెట్ల లేదా 3 రెట్ల బొమ్మ మాత్రమే వెళ్తుంది. వాడని కోడ్‌ను లింకర్ తీసేయాలంటే డైనమిక్ ఫ్రేమ్‌వర్క్‌ల కన్నా స్టాటిక్ లింకింగ్ మేలు. కోడ్ భాగం ఎక్కడ ఉబ్బిందో తెలియకపోతే బిల్డ్ సెట్టింగ్స్‌లో లింక్ మ్యాప్ ఫైలు రాయమని చెప్పండి. ఐఓఎస్ 12.2 కన్నా పాతవి వదిలేస్తే స్విఫ్ట్ లైబ్రరీలు యాప్‌లో మోయక్కర్లేదు. బిట్‌కోడ్ గురించి పాత వ్యాసాలు చదివి తిప్పలు పడకండి, ఎక్స్‌కోడ్ 14తో ఆ కథ ముగిసింది.

ప్రతి మార్పుకూ సైజు చూడటం సాధ్యమా?

సాధ్యమే, మనుషులతో కాదు, బిల్డ్ సర్వర్‌తో. ప్రతి మెర్జ్ రిక్వెస్ట్‌కి రిలీజ్ బిల్డ్ చేసి, బండిల్‌టూల్ అంకెలు తీసి, ఆ బ్రాంచి మెయిన్ నుంచి విడిపోయిన చోటి అంకెలతో పోల్చండి. మెయిన్‌లోని తాజా బిల్డ్‌తో పోలిస్తే వేరేవాళ్ల మార్పులు మీ ఖాతాలో పడతాయి. మొత్తం ఒక్కటే కాకుండా డెక్స్, లిబ్, రెస్, అసెట్స్ విడివిడిగా రాయండి. కోడ్ 300 కేబీ తగ్గి, బొమ్మలు 300 కేబీ పెరిగితే మొత్తం సున్నా చూపించి పెరిగినదాన్ని దాచేస్తుంది.

హద్దు 100 కేబీతో మొదలుపెట్టవచ్చు. అది దాటితే బిల్డ్‌ను ఆపేయకుండా, కారణం ఒక లైను రాసి ఒకరు ఆమోదించాలని నియమం పెట్టండి. మరీ కఠినంగా ఆపేస్తే వారం తిరక్కముందే ఎవరో ఒకరు చెక్‌నే తీసేస్తారు. గ్రేడిల్ ప్లగిన్, ఫ్లట్టర్, ఎక్స్‌కోడ్ వెర్షన్ల మార్పును విడి మెర్జ్‌గా చేయండి. వాటితో వచ్చే తేడా ఫీచర్ తేడాతో కలిస్తే తర్వాత విడదీయలేరు.

6 ఎంబీ పెరిగితే నిజంగా ఏమవుతుంది?

ఏపీకే సైజు 6 ఎంబీ పెరిగిన ప్రతిసారీ ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్ల శాతం 1 శాతం తగ్గినట్టు గూగుల్ ప్లే బృందం 2017లో ప్రచురించింది. అది పాత లెక్క, అన్ని రకాల యాప్‌లకూ సగటు. మేనేజరును ఒప్పించడానికి అంతకన్నా పనికొచ్చేది మీ సొంత ప్లే కన్సోల్. ఫోన్‌లో ఖాళీ చోటు తక్కువున్న మీ వినియోగదారుల వివరాలు యాప్ సైజు పేజీలోనే ఉంటాయి.

ఇన్‌స్టాల్ అయ్యాక సెట్టింగ్స్‌లో రోజురోజుకీ పెరుగుతోంది. ఇదీ ప్యాకేజీ సమస్యేనా?

పూర్తిగా కాదు. ఫోన్ వాడకాన్ని బట్టి ఆండ్రాయిడ్ కోడ్‌ను కంపైల్ చేసి దాచుకుంటుంది, అది కొంత. మిగతాది డేటా, క్యాష్. బొమ్మల లైబ్రరీ డిస్క్ క్యాష్‌కి హద్దు పెట్టారా, దించిన పీడీఎఫ్‌లు తీసేస్తున్నారా చూడండి. వినియోగదారుకు ఈ తేడా పట్టదు. సెట్టింగ్స్‌లో కనిపించే మొత్తాన్నే మీ యాప్ బరువు అనుకుంటారు.

ఫీచర్లను విడి మాడ్యూళ్లుగా చేసి, అవసరమైనప్పుడు దించుకోవడం మంచిదేనా?

ఒక ఫీచర్ పెద్దదై, కొద్దిమందే వాడేదైతే మంచిదే. వీడియో కాల్, ఏఆర్ లాంటివి. గేముల్లో బొమ్మలు, ధ్వనులకు ప్లే అసెట్ డెలివరీ ఉంది: ఇన్‌స్టాల్‌తో పాటు, వెంటనే తర్వాత, అడిగినప్పుడు అని మూడు రకాలు. 500 కేబీ ఫీచర్‌కి ఇంత హంగామా వద్దు. దిగుతున్నప్పుడు చూపించే తెర, దిగకపోతే చూపించే తెర, మధ్యలో నెట్ పోతే ఏం చేయాలో అన్నీ మీరే రాయాలి. పైన చెప్పినవన్నీ చేశాక కూడా తగ్గకపోతే అప్పుడు ఆలోచించండి.

మ్యాపింగ్ ఫైలు (ఆర్8 మార్చిన పేర్ల పట్టిక), నేటివ్ సింబల్స్ ఏఏబీలో పెడితే బరువు కదా, తీసేయనా?

వద్దు. అవి బండిల్ మెటాడేటాలో ఉంటాయి, ప్లే దగ్గరే ఆగిపోతాయి, ఏ ఫోన్‌కీ దిగవు. తీసేస్తే క్రాష్ రిపోర్టులో ఏ, బీ, సీ అని అక్షరాలు తప్ప క్లాసుల పేర్లు కనిపించవు.